మద్దమ్మ పెట్టిపోయిన సీసా

సర్కారు డిస్పెన్సరీలో మందు దొరకాలంటే చేయవలసిన పనులు ఇవి: కోడి కూయకముందే లేవడం, ఇంట్లో ఖాళీ సీసా వెతకడం, దాని ఆముదం జిడ్డు బూడిదతో వదిలించడం, బిరడా సంపాదించడం, బస్సు పట్టుకోవడం, చీటీ రాయించుకోవడం, వరుసలో నిలబడి నాలుక చాపడం. రోగం కూడా ఉంటే మంచిదే. కానీ సీసా ముఖ్యం!

సీసా తేనివాళ్లకు మందు లేదన్న ఈ రూలు రోగుల పాలిటి వరమని నా మనవి. నవ్వకండి. నేను ఈ హోసూరు తాలూకాలోనే డాక్టరును. (డిస్పెన్సరీ ఏ ఊళ్లోదో చెప్పను, ఉద్యోగం కావాలి.) మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి. అచ్చులో ఉన్న మాటకు ఎదురుచెప్పే అలవాటు మా ఇంటికి ఇంకా రాలేదు.

ఆలోచించండి. సీసా కోసం ఊరంతా తిరిగేసరికి సగం తలనొప్పులు వాటంతటవే తగ్గిపోతాయి. మత్తిగిరి లింగప్ప సీసా అడగబోయి వియ్యంకుడితో ఏడేళ్ల పగ మరిచిపోయాడు. ఏ ఇంజెక్షను చేస్తుంది ఇంత పని?

సాయంత్రాలు ఇంటి దగ్గర ప్రాక్టీసు చేస్తాను. దానికి సర్కారు అనుమతి ఉంది. అక్కడ ఫీజులోనే సీసా కూడా. పాపం, ఆ రోగులకు వెతుకులాట లేదు, వియ్యంకులతో రాజీ లేదు!

పోయిన ఆషాఢంలో జవళగిరి నుంచి మద్దమ్మ కొడుకును భుజాన వేసుకొని వచ్చింది. జ్వరం, చెవిలో చీము. తాగడానికి మిక్చరు, చెవిలోకి చుక్కల మందు రాశాను. కాంపౌండరు శేషప్ప సీసాలు ఏవి అని అడిగాడు. లేవంది. మిక్చరు దోసిట్లో పోస్తే ఈడనే తాపిస్తానంది. శేషప్ప నా వైపు చూశాడు. రూలు గోడ మీద ఉంది. నేను గోడ వైపు చూశాను.

అంగళ్లలో అడిగి తెస్తానని పోయింది, రాలేదు. జవళగిరి బస్సు పన్నెండింటికే పోతుంది.

పదిహేను రోజులకు మళ్లీ వచ్చింది. తళతళా తోమిన సీసా ఒకటి, గుడ్డ బిరడాతో, నా బల్ల మీద పెట్టింది. పిల్లవాడు ఎలా ఉన్నాడని అడిగాను.

"బతికినాడప్పా, మీ మందు లేకనే. ఒక చెవి మటుకు వినపడదు."

"మరి ఈ సీసా ఎందుకమ్మా?"

"ఈడనే పెట్టుకోండి. నా మాదిరి ఎవురో ఒకరు ఒట్టి చేతుల్తో వస్తారు. ఇది సర్కారుది కాదు, నాది. దీంట్లో పోస్తే మీ రూలు ఏం చెడిపోదు కదప్పా."

రూళ్ల పుస్తకం తిరగేశాను. చెడిపోదు. ఆషాఢంలోనూ చెడిపోయేది కాదు. ఆ రోజు మా ఇంటి అలమారలో, సాయంత్రపు రోగుల కోసం, ఇరవై మూడు ఖాళీ సీసాలు ఉన్నాయి.

అయ్యా, అమ్మా, మీ ఇంట్లో టానిక్కు అయిపోతే సీసా పారేయకండి. కడిగి, బిరడా పెట్టి, దగ్గరి డిస్పెన్సరీకి పంపండి. కడిగేటప్పుడు మద్దమ్మను ఒక్కసారి తలుచుకోండి. రూలును నేను తలుచుకుంటాను, అది నా ఉద్యోగం.