పటేలు తన్నిన నాలుగో బంతి

పొద్దున్నే పూజ కాగానే మల్లేశ్వర్ దేవుడి అరలోంచి తన గోల్‌కీపర్ గ్లౌజులు తీసుకున్నాడు. కలకత్తా ఫుట్‌బాల్ జట్టుకు పన్నెండేళ్లు ఆడి, ఆట మానేసి తాండూరు తిరిగొచ్చిన నాటి నుంచి భార్య అంజలి వాటికి కూడా రోజూ కుంకుమబొట్టు పెడుతోంది. ఆ రోజు పని తేలికే. వికారాబాదులో అతను ఆట నేర్పే ఆడపిల్లలకు పోటీలు మొదలవుతున్నాయి. మైదానం రాజేందర్ పటేలుది. అలవాటు ప్రకారం పెద్దమనిషి మొదటి బంతి తన్నాలి, గోల్‌కీపర్ దాన్ని వదిలేయాలి. పటేలు మురిసిపోతే ఆ జాగ పిల్లలకు రాసిస్తాడు. మురవకపోతే అందులో గోదాము కడతాడు.

అంజలి కూడా రైలెక్కింది. భర్త ఆట ఆమె ఒక్కసారీ చూడలేదు. అతను ఆడే రోజుల్లో తాండూరు ఇంట్లో దీపం ముందు కళ్లు మూసుకుని కూర్చునేది.

పటేలు ధోవతి ఎగగట్టి, చెప్పులు విడిచి తన్నాడు. మల్లేశ్వర్ ఎడమకు పడదామనుకున్నాడు. చేతులు వాటంతటవే కుడికి పోయి బంతిని పట్టేశాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"పాత అలవాటు, పటేలా. ఇంకోటి కొట్టుండ్రి."

రెండోసారి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. బంతి మోకాలికి తగిలి తిరిగిపోయింది. మూడోసారి ఏకంగా పక్కకు తప్పుకున్నాడు. బంతి గోల్ స్తంభానికి కొట్టుకుని, తిన్నగా వెనక్కి వెళ్లి పటేలు పొట్టను తాకింది. చప్పట్లు ఆగిపోయాయి.

పోటీలు పెట్టిన మహిధర్ పరుగెత్తుకొచ్చాడు. "మల్లన్నా, నీ కాళ్లు మొక్కుత. ఆయన మొఖం చూడు. మనకు గోదామే ఖాయం."

"నేను ఆపుతలేను తమ్మీ. అదే లోపలికి వస్తలేదు."

అంటూనే మల్లేశ్వర్ శామియానా వైపు చూశాడు. అంజలి కళ్లు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. అతను గబగబా వెళ్లాడు.

"ఏం మొక్కుతున్నవే?"

"ఎప్పుడు మొక్కేదే. నీ గోల్‌ల బంతి పడొద్దని. అనంతగిరి సామికి మూడు కొబ్బరికాయలైనయి."

"గియ్యాల పడాలె."

"గా ముచ్చట ఇంట్లనే చెప్పొద్దా? సామికి ఇప్పుడు ఏమని చెప్పాలె?"

"ఏం చెప్పకు. కండ్లు తెరిచి జర నా దిక్కు చూడు."

ఆమె చూసింది. ఆమె చూస్తోందనేసరికి మల్లేశ్వర్‌కు గోదాము గుర్తుకు రాలేదు, పటేలు గుర్తుకు రాలేదు. నాలుగో బంతి మీదికి పాతికేళ్లవాడిలా దూకాడు. అది అతని చేతుల కింది నుంచి జారి, తీరుబడిగా గీత దాటింది.

అతను నేల మీంచి లేచేసరికి పటేలు పిల్లల మధ్య గంతులేస్తున్నాడు. "చూసిండ్రా? నిజంగనే దుంకిండు, అయినా ఆపలేకపాయె. జాగ మీదే, పోండ్రి."

తిరుగు రైల్లో అంజలి భర్త మోచేతి గీరుకు పసుపు అద్దింది. అద్దుతూనే మెల్లగా అడిగింది.

"మస్తు దుంకినవ్ గానీ... పన్నెండేండ్లు గిట్లనేనా ఆడింది?"

మల్లేశ్వర్ ఒళ్లోని గ్లౌజులను తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఇన్నాళ్లూ బంతులు ఆపిందెవరో తేల్చుకునే పనిలో ఉన్నాడు.