వెండెల్ కోల్‌స్టాడ్ జొన్నదడి

"జింకకు కూడా పరువూ మర్యాదా ఉంటాయి! రోడ్డున పోయే ప్రతి అడ్డమైనవాడూ దాన్ని కళ్ళప్పగించి చూస్తానంటే కుదరదు!"

మూడు గుట్టల జింకల సంక్షేమ సంఘం అధ్యక్షుడు వెండెల్ కోల్‌స్టాడ్ ఈ మాటలు బెవ్ బార్ వెనక గదిలో, శుక్రవారం వేపుడు చేపలు సగం తిని, లేచి నిలబడి, ఫోర్కు పైకెత్తి మరీ అన్నాడు. సభ్యులంతా బ్రాందీ గ్లాసులు బల్లలకేసి కొట్టి హర్షం వెలిబుచ్చారు. ఒకరిద్దరికి కళ్ళు కూడా చెమర్చాయి. అది జింకల మీద జాలో, చేపల మీద పిండిన నిమ్మకాయ తుంపరో చెప్పలేం.

సంక్షేమ సంఘం అన్నాను గదా అని మీరు మరోలా అనుకోకండి. అందులో తుపాకీ లేని సభ్యుడు లేడు. ఏడాది పొడుగునా జింకల బాగోగులు కనిపెట్టుకుని ఉండటం, నవంబర్లో వేట మొదలవగానే వాటిని కాల్చి సాసేజీలు చేసుకోవటం, ఇదీ సంఘం ఆశయం. అంత శ్రద్ధగా సంక్షేమం చూసినవాళ్ళు తినకపోతే ఇంకెవరు తింటారు? న్యాయమంటూ ఒకటి ఉంది గదా!

ఆ పూట సంఘం ఒక తీర్మానం చేసింది. రోడ్డు పక్కన పొలాలున్న సభ్యులు రోడ్డుకీ పొలానికీ మధ్య మనిషిని మించిన ఎత్తున పచ్చటి దడి పెంచాలి. జింకలు దాని చాటున నిశ్చింతగా తిరుగుతాయి. అంతేకాదు, రోడ్డు మీద బండి ఆపి జింకల్ని చూసిన సభ్యుడికి అక్కడికక్కడే సభ్యత్వం రద్దు! ప్రతిపాదించింది అధ్యక్షుడు. బలపరిచింది ఉపాధ్యక్షుడు గార్డీ ప్రిబిల్. వ్యతిరేకించినవాళ్ళు లేరు. దడి వేసినవాళ్ళూ లేరు. "అధ్యక్షులవారు దారి చూపిస్తే వచ్చే ఏడు మేమూ వేస్తాం" అని అంతా చేతులు తుడుచుకుని, టోపీలు పెట్టుకుని ఇళ్ళకు పోయారు.

వెండెల్‌కి మటుకు అది వచ్చే ఏటి దాకా ఆగే పని కాదు.

అసలు సంగతేమిటంటే, వెండెల్ పొలంలో జింకలు లేవు. ఉన్నాయని చెప్పింది మాత్రం వెండెలే. కిందటేడు ఇదే బార్లో, మూడో బ్రాందీ ఊపులో, తన పొలంలో ఒక కొమ్ముల దుప్పి ఉందనీ, దాని కొమ్ములకి పన్నెండు కొనలున్నాయనీ, నడుస్తుంటే సభలోకి వస్తున్నట్టు ఉంటుందనీ, అందుకే దానికి 'సెనేటర్' అని పేరు పెట్టాననీ చెప్పాడు. ఆ సెనేటర్ పుణ్యమా అని సంఘం ఎన్నికల్లో గెలిచాడు. ఉద్యోగం చేసినంత కాలం వెండెల్ చీజ్ ఫ్యాక్టరీలో డబ్బాల మీద చీటీలు అంటించాడు. పక్కన నిలబడి పనిచేసినవాడు కూడా అతన్ని "అబ్బాయ్" అనే పిలిచాడు తప్ప పేరు కనుక్కోలేదు. అలాంటివాడికి ఇప్పుడు ఊరంతా "అధ్యక్షా!" అంటుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. బార్లో పొయ్యి పక్క ఎత్తు కుర్చీ అతనిదే. చర్చిలో పాస్టరుగారు ఆగి మరీ పలకరిస్తారు. ఆ పిలుపు పోతే తను మళ్ళీ చీటీలవాడే. ఆ ఊహకే వెండెల్‌కి గుండె జారిపోయేది.

ఇంతలో ఒక చిక్కు వచ్చిపడింది. పొలం సరిగ్గా రోడ్డు మీదే ఉంది. వచ్చేపోయేవాళ్ళకి ఈ మూల నుంచి ఆ మూలకి అరచేయిలా కనబడుతుంది. అందులో సెనేటర్ కాదుగదా, కుందేలు కూడా ఉండదు. రోడ్డుకి అవతల పొలం గార్డీదే. "ఏరా వెండెల్, సెనేటర్‌గారు ఊళ్ళో లేరా?" అని వాడు వారం వారం అడుగుతున్నాడు.

ఉన్నదాన్ని దాచటానికి పల్చటి కంచె చాలు. లేనిదాన్ని దాచాలంటే దట్టమైన దడి కావాలి! మే నెలాఖరున వెండెల్ ట్రాక్టరు కట్టి, రోడ్డు పొడుగునా రెండు పట్టీలుగా దడిజొన్న చల్లాడు. ఇది తినే జొన్న కాదు, ఎత్తుకి ఎదిగే రకం. రెండు పట్టీలకీ మధ్య కొంచెం నడవ వదిలాడు. విత్తనాల కొట్టువాడు అలాగే చెయ్యమన్నాడు.

అతని భార్య మార్లిస్ కాఫీ పట్టుకొచ్చి గట్టు మీద నిలబడింది.

"ఏమయ్యా, ఇంత ఎత్తు గోడ దేనికీ?"

"సెనేటర్ కోసం."

"ఆయన్ని నేనింతవరకూ చూళ్ళేదే!"

"అందుకే మరి. దడి లేదు గనక రావటం లేదు. దడి ఉంటే వస్తుంది."

"దడి ఉంటే వచ్చినా కనబడదు గదయ్యా!"

"అదే నాకు కావలసింది" అనబోయి వెండెల్ కాఫీ గుటకేశాడు.

మార్లిస్ నవ్వి, "సరేగానీ, రోడ్డు పక్కన మొండిగా మన్ను కనబడితే నలుగురూ నన్నంటారు. అక్కడ కాస్త ఏదైనా పచ్చగా వెయ్యి" అంది. ఇంటి పోరు పడలేక వెండెల్ దడికి వెలుపల, రోడ్డు అంచు దాకా, క్లోవర్ గడ్డి చల్లాడు. దారినపోయేవాళ్ళ కళ్ళకి చల్లగా ఉంటుంది, అధ్యక్షుడి భార్యకి పేరూ వస్తుంది.

ఆ ఏడు వానలు దండిగా పడ్డాయి. ఆగస్టుకల్లా జొన్న మనిషి మీద మనిషి నిలబడ్డంత ఎత్తు లేచింది. రోడ్డు మీంచి ఇప్పుడు పొలమూ కనబడదు, పొలంలో ఏమీ లేకపోవటమూ కనబడదు. ఇక చూడండి, వెండెల్ పరపతి జొన్న కన్నా ఎత్తుకి పెరిగింది! దాచాడంటే ఏదో ఉండే ఉంటుందని పక్క ఊళ్ళవాళ్ళు కూడా చెప్పుకున్నారు. కిందటేడు పన్నెండు కొనలున్న సెనేటర్‌కి ఈ ఏడు పద్నాలుగు వచ్చాయి. ఆ మాట బార్లో చెప్పినప్పుడు సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకుని, తల పంకించి, "ఉంటాయి అధ్యక్షా, ఎందుకుండవు!" అన్నారు. ఆ వెంటనే ప్రతివాడూ తన పొలంలోని దుప్పికి కూడా ఒకటో రెండో కొనలు కలిపి చెప్పుకున్నాడు. వెండెల్ కూడా పెద్దమనిషిలాగా తల పంకించాడు.

కానీ అబద్ధమైనా సరే, నాలుగుసార్లు చెప్పాక చెప్పినవాడికే ఆశ పుడుతుంది. ఏమో, నిజంగానే వచ్చిందేమో! వెండెల్ రోజూ సాయంత్రం నాలుగు చక్రాల మోటారు బండి ఎక్కి, నోట్లో చుట్ట పెట్టుకుని, పొలమంతా ఢబఢబమంటూ తనిఖీ చేసేవాడు. చెట్లకి కట్టిన కెమెరాలు విప్పి చూసేవాడు. వాటిలో ఉన్నదల్లా వెండెలే. కెమెరా కట్టే వెండెల్, కెమెరా విప్పే వెండెల్, చుట్ట వెలిగించుకునే వెండెల్. జింకలెందుకు రావటం లేదో అతనికి అర్థం కాలేదు. ఇంత శ్రద్ధగా రోజూ వచ్చి వెతుకుతున్నాడే!

అక్టోబర్లో ఒక శుక్రవారం గార్డీ బార్లో లేచి గొంతు సవరించుకున్నాడు.

"అధ్యక్షా! వేట మొదలయ్యే రోజు పొద్దున నేను మీ మంచె మీద మీ పక్కనే కూచుంటాను. మంచె మీంచి సెనేటర్ కనబడిందా, మళ్ళీ ఏడాదికి మీ పేరు నేనే ప్రతిపాదిస్తాను. కనబడలేదా, కుర్చీ నాకు వదిలెయ్యాలి. ఏమంటారు?"

బార్ యజమానురాలు బెవ్ గ్లాసు తుడవటం ఆపింది. ఏ మొహం పెట్టుకుని కాదంటాడు? "దానికేం, తప్పకుండా రా గార్డీ! దుప్పటి తెచ్చుకో, చలిగా ఉంటుంది" అన్నాడు వెండెల్. ఆ రాత్రి ఇంటికొచ్చి సూప్ కూడా తాగకుండా పడుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. తెల్లారకముందే ఇద్దరూ వేటగాళ్ళు వేసుకునే నారింజరంగు కోట్లు తొడుక్కుని మంచె ఎక్కారు. మంచె రోడ్డుకి వీపు తిప్పి, పొలానికి ఎదురుగా ఉంది. వెలుగొచ్చింది. మంచు పడ్డ నేల తెల్లగా మెరిసింది. పొలంలో ఒక కాకి నడుచుకుంటూ వచ్చి, వీళ్ళని చూసి, నడుచుకుంటూనే వెళ్ళిపోయింది.

వెండెల్ పెదాలు కదులుతున్నాయి. ఆడజింకైనా ఒకటి పంపించు దేవుడా, కొమ్ములు నేను చెప్పుకుంటాను అని ప్రార్థన! గార్డీ మాత్రం పెళ్ళికొచ్చినవాడిలా వెనక్కి వాలి, సాసేజీ ముక్క నములుతూ కూచున్నాడు. ఒక్కసారైనా దుర్భిణీ ఎత్తి చూడలేదు.

"ఏరా, చూడవేం?" అన్నాడు వెండెల్.

"తొందరేముందిరా. వచ్చేదైతే అదే వస్తుంది" అన్నాడు గార్డీ. వాడు పైన గంభీరంగానే ఉన్నాడు గానీ, పొట్ట మటుకు నవ్వుకి ఊగుతోంది.

అంతలో దడి వెనక, రోడ్డు మీద, కారు తలుపు పడ్డ చప్పుడైంది. తర్వాత ఇంకోటి. ఎవరో దగ్గారు. ఎవరో "ష్, ష్" అన్నారు.

"రోడ్డు మీద ఏంటా గోల?"

"ఎవరిదో టైరు పోయుంటుంది. నువ్వు కూచోరా!" అని గార్డీ అతని చెయ్యి పట్టుకున్నాడు. మొదటిసారి వాడి మొహంలో కంగారు కనబడింది.

వెండెల్‌కి ఒళ్ళు మండింది. కుర్చీ ఎలాగూ పోయేదే. పోయేముందు ఒక్కసారైనా అధ్యక్షుడిలా ఎవణ్ణో ఒకణ్ణి కసిరి పోదామనుకున్నాడు. తుపాకీ మంచె మీదే వదిలి, దిగి, విసవిసా నడిచి జొన్నలోకి దూరాడు.

దూరి నాలుగు దంట్లు పక్కకి తప్పించాడో లేదో, కాళ్ళ ముందు నేల లేచి నిలబడింది!

జింకలు! నడవ పొడుగునా పడుకున్న జింకలు! ఈ పక్కనించి లేచినవి, ఆ పక్కనించి లేచినవి, తల్లులూ పిల్లలూ, తెల్ల తోకలెత్తి, దంట్లు విరుచుకుంటూ రోడ్డు వైపుకి దూకాయి. మూడు గుట్టల్లో ఉన్న జింకలన్నీ వెండెల్ దడిలోనే కాపురం పెట్టాయి. పొలం వైపు చుట్ట కంపు, మోటారు మోత. రోడ్డు వైపు కమ్మటి క్లోవర్. ఎటు పోవాలో వాటికొకరు చెప్పాలా?

వాటి వెనకే వెండెల్ కూడా తూలుకుంటూ వెలుపలికొచ్చి పడ్డాడు.

రోడ్డు పొడుగునా బండ్లు. బండ్ల ముందు మడత కుర్చీలు. కుర్చీల్లో నారింజరంగు కోట్లతో సంఘం సభ్యులు యావన్మందీ! దుర్భిణీలు, ఫ్లాస్కులు, ఒళ్ళో డోనట్లు. తమ తమ పొలాల్లో ఏ జింకా లేదని తెలిసినవాళ్ళు గనక, వేట మొదటి పొద్దున కూడా ఎవడూ తన మంచె ఎక్కలేదు. బెవ్ ఒక బండి వెనక నిలబడి కాఫీ పోస్తోంది. ఆమె పక్కన, చక్కగా దుప్పటి కప్పుకుని, మార్లిస్!

అందరికీ మధ్యలో, క్లోవర్లో, ఒక కొమ్ముల దుప్పి నిలబడి ఉంది. నిజంగానే నిలువెత్తుది. సభలోకి వచ్చినట్టే ఉంది. కాకపోతే కొమ్ములకి ఎనిమిదే కొనలు, ఎడమ కొమ్ము వంకర. అది వెండెల్‌ని పైనించి కిందికి చూసింది. రోజూ చుట్ట కాలుస్తూ తిరిగే మనిషి ఈ వైపుకెందుకొచ్చాడా అనుకున్నట్టుంది. ఒక్క దూకులో రోడ్డు దాటి గార్డీ పొలంలోకి పోయింది.

రొప్పుతూ వెనకే వచ్చిన గార్డీ అది చూసి నెత్తి బాదుకున్నాడు. "అయ్యో, ఆ వంకరకొమ్ముగాడు ఎప్పుడూ మా వైపుకి రాడే! ఇవాళే, నేను మంచె మీద లేనప్పుడే రావాలా!"

దుప్పి తిన్నగా పోయి గార్డీ ఖాళీ మంచె కింద నిలబడి, వీపు గోక్కుంది.

వెండెల్ మెల్లిగా అడిగాడు. "ఎప్పుడూ అంటే?"

మార్లిస్సే నోరు విప్పింది. "ఆగస్టు నుంచీ రోజూ సాయంత్రం చూస్తున్నామయ్యా. నువ్వు లోపల తనిఖీకి పోగానే ఇక్కడ అంతా చేరతారు."

"మరి నాతో చెప్పలేదేం?"

"చెబితే ఈ వైపుకి కూడా తనిఖీకొస్తావు. ఇక్కణ్ణించి కూడా పోతాయి."

వెండెల్‌కి చెవులు వేడెక్కాయి. పద్నాలుగు కొనలని తను చెబుతుంటే ఇంతమందీ, ఎనిమిదని కళ్ళారా చూసి వచ్చినవాళ్ళు, తల పంకించారన్నమాట! సిగ్గుతో నేలలోకి కుంగిపోదామనిపించింది. తల దించుకున్నాడు. దించుకున్న కళ్ళకి మడత కుర్చీల కాళ్ళు కనబడ్డాయి. అవి రోడ్డు మీద ఉన్నాయి.

వెండెల్ తల ఎత్తాడు.

"ఉపాధ్యక్షా! రోడ్డు మీంచి జింకల్ని చూసిన సభ్యుడికి సంఘం విధించిన శిక్ష ఏమిటి?"

ఎవరి నోట్లో డోనట్ వాళ్ళ నోట్లోనే ఆగిపోయింది. లెక్కన చూస్తే సంఘంలో సభ్యుడనేవాడు ఒక్కడే మిగిలాడు. ఇంతవరకూ జింకనే చూడనివాడు!

గార్డీ ఏం తక్కువవాడు కాదు, క్షణంలో తేరుకున్నాడు. టోపీ తీసి, "అధ్యక్షా, సభ జరుపుకుంటున్నట్టేనా?" అన్నాడు.

"జరుపుకుంటున్నట్టే."

"అయితే ఒక తీర్మానం. వెండెల్ కోల్‌స్టాడ్‌గారినే మళ్ళీ అధ్యక్షుడిగా ఎన్నుకోవాలని ప్రతిపాదిస్తున్నాను. అలాగే, ఇవాళ ఈ రోడ్డు మీద ఏ సభ్యుడికీ ఏ జింకా కనబడలేదని కూడా."

"బలపరుస్తున్నాం!" అని కుర్చీలన్నీ ఒక్కసారే కిర్రుమన్నాయి.

వెండెల్ కోటుకంటిన జొన్న పొట్టు దులుపుకున్నాడు. జీవితంలో మొదటిసారి తన పొలంలో జింకల్ని కళ్ళారా చూస్తున్నాడు. చుట్టూ ఉన్నాయి, బెదురు తీరి ఒక్కొక్కటే మళ్ళీ క్లోవర్‌కి చేరుతున్నాయి. ఒక పిల్లజింక అతని మోకాలి దాకా వచ్చి మేస్తోంది. దాన్ని చూపించి, అరిచి, ఊరంతటికీ చెప్పుకోవాలని అతనికి గొంతు దాకా వచ్చింది. కానీ అధ్యక్ష పదవి అడ్డొచ్చింది.

"సరే. పద్ధతి ప్రకారం అడుగుతున్నాను" అని చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "ఇక్కడ ఎవరికైనా జింక అనేది కనబడిందా?"

"లేదు అధ్యక్షా!"

సభ్యులంతా ఎంత గట్టిగా అన్నారంటే, ఆ అరుపుకి క్లోవర్లో మేస్తున్న జింకలన్నీ ఉలిక్కిపడి తలలెత్తి చూశాయి.