మూడో స్ప్రింక్లర్ ఎందుకు లేవలేదు?

ఆ ఆదివారం పున్నయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. ఇడ్లీ తిని, కాఫీ తాగి, ఇంటి ముందు లాన్‌లో మూలనున్న మూడో స్ప్రింక్లర్ ఎందుకు పైకి లేవడం లేదో చూడాలి. అంతే. దుగ్గిరాల యార్డులో పసుపు వ్యాపారం చేసే పున్నయ్యకు కొమ్ము విరిచి చూస్తేగానీ సరుకు మీద నమ్మకం కుదరదు. ఇంట్లో వస్తువుల విషయంలోనూ అదే పద్ధతి. మిక్సీ ఆగిపోతే బాగుచేయించడం కన్నా, ఎందుకు ఆగిందో తెలుసుకోవడం ఆయనకు ముఖ్యం. తెనాలిలో వాళ్లింటి మిక్సీ ప్రస్తుతం మూడు డబ్బాల్లో ఉంది.

భార్య శివపార్వతి సంగతి వేరు. ఆ లాన్‌ను ఆమె రెండేళ్లుగా చంటిపిల్లను సాకినట్టు సాకింది. ఆడవాళ్ల తోటల సంఘం పెట్టిన ముంగిళ్ల పోటీకి పేరిచ్చింది. బాపట్లలో వ్యవసాయం పాఠాలు చెప్పి రిటైరైన వేంకటసుబ్రహ్మణ్యంగారు జడ్జి. ఆయన రేపల్లెలో మొదలుపెట్టి దారిలో ఇళ్లు చూసుకుంటూ తెనాలి వస్తారు. పోటీలో ఉన్నవాళ్లంతా ఆయన వెంటే తిరగాలి. అందుకే ఆమె పొద్దున్నే రైలుకి బయల్దేరింది.

"ఆ మూల గడ్డి కాస్త వాడింది. రెండు బకెట్లు నీళ్లు పోయండి, తేరుకుంటుంది. స్ప్రింక్లర్ జోలికి మాత్రం వెళ్లకండి," అంది ఆటో ఎక్కుతూ.

"నీళ్లు పోస్తే గడ్డి తేరుకుంటుందిలే. అది ఎందుకు లేవట్లేదో ఎలా తెలుస్తుంది?"

"తెలియకపోతే ఏంటండి నష్టం?"

ఆ మాటతోనే ఆటో కదిలిపోయింది.

లోపం స్ప్రింక్లర్‌లో ఉందా, పైపులో ఉందా? అది తేల్చడానికి పున్నయ్య చక్కటి ఉపాయం పన్నాడు. మూడోదాన్ని విప్పి రెండోదాని చోట బిగించాడు. రెండోదాన్ని తెచ్చి మూల బిగించాడు. ఇప్పుడూ మూలదే లేవకపోతే తప్పు పైపుది. మోటారు వేద్దామని పెరట్లోకి వెళ్తుంటే ఫోన్ మోగింది.

"రేపల్లెలో అయిపోయిందండి. అక్కడ అంతా బానే ఉందా?"

"బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు పున్నయ్య.

ఈలోగా రాత్రి చుట్టపుచూపుగా వచ్చిన బామ్మర్ది బాబీ కాఫీ గ్లాసుతో లాన్‌లోకి వచ్చాడు. సాయం చేయడమంటే బాబీకి ప్రాణం. అడగకపోయినా చేస్తాడు. స్ప్రింక్లర్ల మీద అక్క గోళ్లరంగుతో వేసిన అంకెలు చూశాడు. ఒకటి, మూడు, రెండు, నాలుగు. పాపం బావ కంగారులో తారుమారు చేశాడనుకుని, రెంటినీ విప్పి ఎక్కడివక్కడ బిగించేసి, టిఫిన్‌కి లోపలికి వెళ్లిపోయాడు.

మోటారు వేసి వచ్చిన పున్నయ్య కళ్లద్దాలు లేని కళ్లతోనే చూశాడు. మూడు లేచి చక్కగా చిమ్ముతున్నాయి. మూలది లేవలేదు.

"పైపే!" అని మోటారు కట్టేసి, గునపం తీసుకున్నాడు.

బాబీ ఇడ్లీ నోట్లో ఉండగానే పరుగెత్తుకొచ్చి పార అందుకున్నాడు. ఎందుకు తవ్వుతున్నామని అడగలేదు. మోకాటిలోతు గొయ్యి అయ్యేసరికి పక్కింటి మాణిక్యాంబగారు గోడ మీదుగా తొంగిచూసింది.

"ఏం పోయింది నాయనా?"

"నీళ్లండి పిన్నిగారూ. ఎక్కడ ఆగిపోయాయో చూస్తున్నాం."

ఆ మాట అంటూనే వేసిన పోటుకు గునపం పైపులోంచి దూసుకుపోయింది. ఎక్కడ ఆగాయో తెలియని నీళ్లు ఒక్కసారిగా తాటిచెట్టంత ఎత్తు లేచాయి. వాల్వు కట్టెయ్యమని అరిస్తే బాబీ పరుగెత్తాడు. కట్టాడు. కట్టేకొద్దీ పిడి తిరుగుతూనే ఉంది. చివరికి ఊడి చేతికొచ్చింది. "ఇదుగో బావా," అని తెచ్చి ఇచ్చాడు.

మోటారు కట్టేసినా ఆ పైపులోకి నీళ్లు డాబా మీద ట్యాంకులోంచి దిగుతున్నాయి. అది ఖాళీ అయితేగానీ ఆగేలా లేవు. గొయ్యి నిండింది. అంచులు విరిగి పడుతున్నాయి. రెండేళ్ల గడ్డి చాపలు చాపలుగా నీళ్లలోకి జారుతోంది. అది చూసి పున్నయ్య మొదటిసారి కంగారుపడి, గునపం పడేసి ఒక చాపను రెండు చేతులా పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే మళ్లీ ఫోన్.

"వేమూరు దాటామండి. ఆ చప్పుడేంటి?"

"వాన."

"ఇక్కడ ఎండ మండిపోతుంటే?"

"మన వీధిలోనే పడుతోంది."

మాణిక్యాంబగారికి జాలేసింది. "గోడ కట్టించగా మిగిలిన కంకర, ఇసక మా దొడ్లో పడున్నాయి. అంచులు నిలవాలంటే గొయ్యి నింపండి," అంది. ఇద్దరూ తట్టలతో మోసి కింద కంకర, దానిమీద ఇటుకముక్కలు, ఆపైన ఇసక పోశారు. ట్యాంకు ఖాళీ అయింది. గొయ్యి మాత్రం బురదగా, గుండ్రంగా ముంగిలి మూలన నిలిచింది.

పున్నయ్య దాని గట్టున కూలబడ్డాడు. "అదికాదురా, మార్చి పెట్టినా మూలది లేవలేదంటే..."

"మార్చడమేంటి బావా? నువ్వు తారుమారు చేస్తే నేనే కదా సరిచేశా!"

పున్నయ్య చటుక్కున లేచాడు. తిట్టడానికి తీరిక లేదు. ఎందుకో తెలుసుకునే దారి మళ్లీ తెరుచుకుంది. ఒక్క ఉదుటున మూడో స్ప్రింక్లర్ పీకి, విప్పి, అరచేతిలో దులిపాడు. గోరంత నత్త రాలింది.

"దొరికింది!" అని కేకేసి ఎగిరాడు.

గేటు దగ్గర శివపార్వతి నిలబడి ఉంది. వెనక వేంకటసుబ్రహ్మణ్యంగారు, ఆయన వెనక సంఘం ఆడవాళ్లంతా. బురదలో మునిగిన మొగుడినీ, తమ్ముడినీ, గొయ్యినీ చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి చూశాక పున్నయ్య చేతిలో నత్త చిన్నదైపోయింది.

జడ్జిగారు గట్టు దగ్గర వంగి ఇసకను వేలితో కెలికారు. కింద ఇటుకముక్కలు చూశారు. నీళ్లు లోపలికి ఇంకుతున్న చప్పుడు చెవిపెట్టి విన్నారు.

"ఇంకుడు గుంత! పొద్దుట్నుంచి చూసిన ముంగిళ్లన్నీ నీళ్లు తాగేవే. భూమికి తిరిగి ఇచ్చే ఇల్లు ఇదొక్కటేనమ్మా."

"కాదండి, పైపు పగిలి..." అన్నాడు పున్నయ్య నిజాయితీగా.

"పైపు ద్వారా నింపి పరీక్షించారన్నమాట. శభాష్!"

పున్నయ్య మళ్లీ నోరు తెరిచేలోపు శివపార్వతి ఆయన కాలు తొక్కింది.

"అవునండి," అంది తడి కళ్లతోనే. "చాన్నాళ్లుగా అనుకుంటున్నామండి."

మొదటి బహుమతి వాళ్లకే వచ్చింది. బహుమతి గుంతను ఎవరైనా పూడుస్తారా అని శివపార్వతి ఒప్పుకోకపోవడంతో, కొత్త పైపును దాని చుట్టూ తిప్పి వేయించారు. మూడో స్ప్రింక్లర్ ఇప్పుడు అన్నిటికన్నా బాగా లేస్తోంది. ఆ మూల తడపడానికి గడ్డే లేదు.