ప్రేమ్ సాగర్ రెండో ప్లాను

నంద్యాలలో సైకాలజీ పాఠాలు చెప్పే ప్రేమ్ సాగర్, పీహెచ్‌డీకి మూడు యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టిన రోజే సంతకానికి ముందు ‘డాక్టర్’ తగిలించాడు. రెండు యూనివర్సిటీలు కుదరదన్నాక సంతకం చేయడమే మానేశాడు.

మూడోది కూడా కాదంటే? భార్య నిర్మలకు తెలియకుండా రెండో ప్లాను వేశాడు. తనను ఎరిగినవాళ్లు లేని ఆళ్లగడ్డలో ఒక గది అద్దెకు తీసుకుని కౌన్సెలింగ్ సెంటర్ పెట్టాడు.

“ఆదివారం పూట యాడికి పోతాండావ్?” అంది నిర్మల.

“ఆళ్లగడ్డకు. సర్వే.”

“దేని మీద?”

“మనుషుల మనసుల మీద.”

“ఇంట్లో ఉండే మనుషులకు మనసుల్లేవా?”

ప్రేమ్ సాగర్ హెల్మెట్ పెట్టుకున్నాడు.

వచ్చినవాళ్లు మొహమాటపడకుండా మాట్లాడాలని గది మధ్యన దుప్పటి ఒకటి తెరగా కట్టాడు. మధ్యాహ్నానికి మొదటి మనిషి వచ్చి అవతల కూర్చుంది.

“సార్, మా అల్లుడు ఏందో దాస్తాండాడు.”

ప్రేమ్ సాగర్ కుర్చీలోంచి సగం జారిపోయాడు. అత్త హన్నమ్మ! పొద్దున నంద్యాలలో తనకు దోసెలు పోసిన హన్నమ్మ!

గొంతు బొంగురు చేసుకున్నాడు. “అల్లుడు బంగారమమ్మా. ఏమీ అడగొద్దు.”

“మరి తిననీకి ఏం పెట్టాల సార్?”

“నాటుకోడి పులుసు. వారం వారం.”

“నిర్మలా!” హన్నమ్మ వాకిలి వైపు కేకేసింది. “మీ ఆయనకు నాటుకోడి కావాలంట!”

తెర పక్కకు పోయింది. ఎదురుగా నిర్మల. ప్రేమ్ సాగర్ తెర మళ్లీ లాగబోయాడు.

సరిగ్గా అప్పుడే ఫోన్‌లో మెయిల్ వచ్చింది. మూడో యూనివర్సిటీ కూడా కాదంది.

నిర్మల ఫోన్ లాక్కుని చదివింది. తిడుతుందనుకున్నాడు. ఆమె అతని కుర్చీలో కూర్చుని, ఎదుటి కుర్చీ చూపించింది.

“కూచో. చెప్పు.”

“ఏం చెప్పాల? మూడూ పాయె. డాక్టరైపోయినట్టే ఊరంతా చెప్పుకుంటి. ఇప్పుడు ముఖం యాడ పెట్టుకోవాల?”

“పెట్టేసినారులే. ఆళ్లగడ్డ బస్టాండులో, నిలువెత్తు.”

“ఏందీ!”

“నీ సర్వే ఏందో చూద్దామని మేం బస్సు దిగితే ఫ్లెక్సీలో నువ్వు నవ్వుతాండావ్. పక్కన నేను.”

“గది మీదికి చిన్న బోర్డు చాలంటినే!”

“ఫ్లెక్సీ షాపాయన నీ వాట్సాప్‌లో ఉండే పెండ్లి ఫొటో ఏసినాడు. నీకు జుట్టుండే నాటిది.”

ప్రేమ్ సాగర్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. “సీటు రాదేమోనని భయమేసింది నిర్మలా.”

“ఆ ముక్క నాకు చెప్తే ఆళ్లగడ్డ దాకా వచ్చే పనేముండె?” ఆమె గొంతు మెత్తబడింది. “వచ్చే ఏడు మళ్లీ పెట్టు. నాకు చెప్పి పెట్టు.”

ఇంతలో వాకిట్లో గోల మొదలైంది. ఎవరో ఆడమనిషి తొంగిచూసి, “ఫ్లెక్సీలో ఉండే అమ్మ ఈమేనే! మేం ఈమెతోనే మాట్లాడాల!” అంది.

నిర్మల కొంగు సర్దుకుంది. “లెయ్. బయట ఉండేటోళ్లను ఒక్కొక్కర్ని పంపు.”

ప్రేమ్ సాగర్ వాకిట్లోకి వచ్చాడు. వరసలో నిలబడ్డ ముసలామె అతన్ని ఎగాదిగా చూసింది.

“నువ్వూ ఆయమ్మకు చెప్పుకోనీకే వచ్చినావా అప్పా?”

“చెప్పుకున్నా అవ్వా. ఇప్పుడే.”

“ఎట్లుంది?”

ప్రేమ్ సాగర్ పక్కకు జరిగి దారిచ్చాడు.

“బాగనే ఉంది. నువ్వు పో లోపలికి.”