శుక్రవారం ముసాకా

దోహాలో సెలవు శుక్రవారమే. ఆ రోజు తొమ్మిదింటిదాకా నిద్రపోవాలన్నది ప్రతిమ పథకం. వారంలో ఆరు రోజులు క్లినిక్కు ల్యాబులో నిలబడి రక్తపు సీసాలకు చీటీలు అంటించే మనిషికి అంతకంటే పెద్ద కోరికలుండవు. ఆరున్నరకే భర్త నిరంజన్ మంచం పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ మధ్యాహ్నం మా మేనేజర్ భోజనానికి వస్తున్నాడు."

"ఎప్పుడు పిలిచారు?"

"నిన్న. చెబుదామంటే నువ్వు పడుకున్నావు."

"ఇప్పుడూ పడుకునే ఉన్నాను కదండీ!"

మేనేజర్ యోర్గోస్ గ్రీకు దేశస్థుడు. నెలాఖరుకు కాంట్రాక్టులు ముగుస్తాయి. నిరంజన్, తోటి ఉద్యోగి జయంత్ ఇద్దరిలో ఒక్కరినే ఉంచుతారని ఆఫీసులో చెప్పుకుంటున్నారు. సంతకం పెట్టేది యోర్గోసే. ఉద్యోగం పోతే దోహాలో ఫ్లాటు, కూతురు అమ్ము చదువు, అన్నీ దాని వెనకే పోతాయి. అందుకే ఉన్న కోపమంతా దిండు కింద పెట్టి ప్రతిమ లేచింది.

"ఏం వండాలి?"

"ముసాకా. వాళ్ళ దేశపు వంట. ఆయన దానికోసం మొహంవాచి ఉన్నాడని జయంత్ చెప్పాడు. సరుకులన్నీ తెచ్చేశా."

వేయించిన వంకాయ ముక్కలు, వాటి మీద దాల్చినచెక్క, ఓరెగానో ఆకు వేసి వండిన గొర్రె కీమా, ఆపైన జాజికాయ గీకిన పాలు, మైదా గుజ్జు. మొత్తం ఓవెన్లో పెట్టాలి. నిరంజన్ ఫోన్లో చూసి చదువుతుంటే దేవుడి గదిలోంచి అతని తల్లి లలితకుమారి గంట పట్టుకునే బయటికొచ్చింది.

"లక్ష్మీపూజ రోజున నా వంటింట్లో కీమానా? నన్ను ముందు విమానం ఎక్కించి, ఆ తరవాత వండుకోండి."

"అమ్మా, ఉద్యోగం సంగతి!"

"ఆ ఉద్యోగం కోసమేరా ఈ పూజ!"

దాంతో కీమా గడప దాటి ఎదురు ఫ్లాటుకు పోయింది. అక్కడుండే బిల్కిస్ హైదరాబాద్ మనిషి, చేయి పెద్దది. "నువ్వు ఫికర్ చేయకు భాభీ, నేను చూసుకుంట" అంది. ప్రతిమ వంకాయలు చక్రాలుగా తరిగి, ఓరెగానో కోసం అలమార తెరిచింది. నిరంజన్ తెచ్చిన ఆకు కట్ట లేదు.

"అత్తయ్యా, ఇక్కడ ఎండిన ఆకుల కట్ట ఉండాలి?"

"వాము వాసన వస్తోందే, అదేనా? నాలుగు రోజులుగా వీడికి ఒకటే త్రేన్పులు. కషాయం కాచి పొద్దున్నే తాగించాను."

నిరంజన్ వంటింటి గుమ్మంలో తల పెట్టాడు. "ఓరెగానో వేశావా?"

"మీ కడుపులో ఉంది" అంది ప్రతిమ.

దుకాణాలు జుమ్మా నమాజు అయ్యాక గానీ తెరవరు. అతిథి రెండింటికి వస్తాడు. వాసన ఒకటే కదా అన్న అత్తగారి మాట మీద, కోపం మీద, ప్రతిమ వాము, ఎండు పుదీనా కలిపి దంచి కీమాలో వేయమని బిల్కిస్‌కు ఇచ్చింది. తర్వాత జాజికాయ చేతిలోకి తీసుకుంది.

"అది పసిపిల్లలు నిద్రపోవడానికి అరగదీసి పెడతాం. మీ బాసు మన ఇంట్లో పడుకోవాలా ఏమిటి?" అంది లలితకుమారి.

"అత్తయ్యా, మీరు వెళ్ళి హాల్లో కూర్చోండి!" ఆ కేక విని అమ్ము బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుంది.

ఒంటిగంటకు బిల్కిస్ ఇంటి తలుపు తెరిస్తే ఘాటు వాసన కొట్టింది. "అల్లం వెల్లుల్లి లేని కీమా ఎవలు తింటరు భాభీ? రెండు చెంచాలే ఏసిన. కొంచెం పచ్చిమిర్చి. గరం మసాలా కూడా, జర్ర." ప్రతిమ నోరు తెరిచి, ఆమె అమాయకపు మొహం చూసి మూసుకుంది. చేయనున్న పోట్లాట అంతా మొగుడి ఖాతాలోకి వెళ్ళింది. ఆ కీమాను వంకాయల మీద పరచి, జాజికాయ గుజ్జు పోసి, బిల్కిస్ ఓవెన్లోనే పెట్టింది. ముప్పావుగంట తర్వాత బయటికి తీస్తే చంటిబిడ్డకు తాగించే మందు వాసన, పెళ్ళి బిర్యానీ వాసన ఒకదాన్నొకటి తన్నుకుంటున్నాయి.

యోర్గోస్ చెప్పిన వేళకే వచ్చాడు. చాలా గొడవ తర్వాత ముసాకాకు హాలు వరకు ప్రవేశం దొరికింది. ఆయన పళ్ళెం చూశాడు, వాసన చూశాడు, నిరంజన్ వంక జాలిగా చూశాడు.

"ఎంత శ్రమ పడ్డారు! కానీ ఈస్టర్ దాకా మాకు ఉపవాసం. మాంసం, గుడ్డు, పాలు, వెన్న ముట్టను. ఆఫీసులో అందరికీ తెలుసనుకున్నానే. జయంత్ రోజూ నా ఎదుటే కూర్చుని తింటాడు. నా డబ్బాలో శనగలు చూసి అయ్యో అంటాడు కూడా."

పొద్దున్నుంచి మొగుడి మీద, అత్తగారి మీద, బిల్కిస్ మీద పంచుతూ వచ్చిన కోపాన్నంతా ప్రతిమ ఒక్కసారి వెనక్కి పోగుచేసుకుని జయంత్ చిరునామాకు మళ్ళించింది. నిరంజన్ మెడ నరాలు ఉబ్బాయి. "వాణ్ణి..." అని మాత్రం తెలుగులో అన్నాడు.

కొడుకు తెలుగులో చెప్పింది విని లలితకుమారి మొహం వెలిగింది. "శుక్రవారం నీచు ముట్టడా? మంచి ఇంటి బిడ్డే!" మిగిలిన వంకాయలతో తనకోసం చేసుకున్న నువ్వులపొడి కూర, చింతకాయ పప్పు తెచ్చి వడ్డించింది. నేతి గిన్నె ఎత్తేసరికి ప్రతిమ ఆమె చెయ్యి పట్టుకుంది. యోర్గోస్ మూడోసారి కూర అడిగి వేయించుకున్నాడు. ఆయన వెళ్ళబోతుంటే నిరంజన్ ఆపుకోలేకపోయాడు.

"సార్, నా కాంట్రాక్టు..."

"సంతకాలు మొన్ననే పెట్టాను. ఎవరినీ తీసేయడం లేదు. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో పనికి ఇద్దరూ కావాలి. నువ్వూ జయంత్ అక్కడి క్యాంపులో ఒకే గదిలో ఉండాలి. వంట వంతులవారీగా."

నిరంజన్ మొహంలో సంతోషం సగం దూరం వచ్చి ఆగిపోయింది. "ఎన్నాళ్ళు సార్? సెలవులకైనా ఇంటికి పంపిస్తారా?"

"తొందరేమీ లేదు సార్" అంది ప్రతిమ.