నలభై ఒక్కేళ్ల కొండప్ప

రాష్ట్రంలోని ప్రతి పరిశోధనా గ్రంథమూ ప్రతి పౌరుడి చేతికి అందేదాకా తాను నిద్రపోనని మంత్రి డాక్టర్ ప్రతాప్ గారు ప్రకటించారు. ఆ మాట అన్నది మధ్యాహ్నం భోజనాలయ్యాక. అయినా ఆయన ఒక్కసారి కూడా ఆవులించలేదు. ఇరవై ఏళ్లుగా విలేకరిగా ఉన్నాను, ఇంతటి త్యాగం నేనెక్కడా చూడలేదు.

సభ జరిగింది అనంతపురం కరువు విజ్ఞాన విశ్వవిద్యాలయంలో. పథకం పేరు 'పల్లెకు పీహెచ్‌డీ'. అంతవరకూ అక్కడ ఒక థీసిస్ చూడాలంటే గైడు సంతకం, హెచ్‌ఓడీ సంతకం, రిజిస్ట్రార్ సంతకం కావాలి. తాళంచెవి ఉన్న అటెండరు ఊళ్లో ఉండాలి. ఈ నాలుగోది ఎప్పుడూ కుదిరేది కాదు. అందుకే బంగారు అక్షరాల రెగ్జిన్ అట్టలు కొత్త పెళ్లికూతురి చీరల్లా మడత నలగకుండా ఉండేవి. ఇప్పుడవన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టేశారు.

"ఏ పుస్తకం కావాలో అడగండి!" అన్నారు మంత్రిగారు.

బుక్కరాయసముద్రం రైతు కొండప్ప లేచాడు. "నాకొకటి కావల్ల సార్."

మంత్రిగారు కరిగిపోయారు. "చూశారా! రైతన్న జ్ఞానదాహం!"

"దాహం కాదు సార్, పింఛను. నాకు అరవై ఎనిమిది. ఆధార్‌లో పదహారేండ్లు తక్కువ పడినాయి. అరవై నిండల్యా పో అంటాడు ఓబులేష్ సారు. మూడేండ్లుగా తిరుగుతాండా. తొంభై ఎనిమిదిలో ఒగాయప్ప మా శెనక్కాయల చేన్లోకి వచ్చి నా పేరు, వయసు రాసుకోనిపోయి డాక్టరైనాడు. అప్పుడు నాకు నలభై ఒకటి. ఆ పేజీ చూపిస్తే చాలన్నాడు సారు."

పింఛన్ల ఆఫీసరు ఓబులేష్ వేదిక పక్కనే ఉన్నాడు. "అవును సార్. అచ్చులో ఉంటే దానికి తిరుగులేదు."

లైబ్రేరియన్ కృపాకుమారి మేడం కొండప్ప పేరు కొట్టి వెతికారు. పెద్ద తెరమీద ఐదు గ్రంథాలు కనిపించాయి. మొదటిది 1998 నాటిది. పేజీ నూటపన్నెండు: 'కొండప్ప, వయసు 41. అభిప్రాయం: వాన పడితే పండుతాది, పడకుంటే పండదు.'

"నేనే సార్! నా మాటే!" కొండప్ప ఏడ్చేశాడు. నిజం చెప్పొద్దూ, నాకూ కళ్లు చెమర్చాయి. ఓబులేష్ ఫారం తీసి, పెన్ను మూత విప్పాడు.

అక్కడితో ఆపితే బాగుండేది. కానీ మంత్రిగారికి ఉత్సాహం పొంగింది. "మిగతావీ తెరవమ్మా!"

2005. పేజీ నూటపన్నెండు. కొండప్ప, వయసు 41. 2012లోనూ 41. 2018లోనూ 41, వాన పడితే పండుతాది, పడకుంటే పండదు. ఈ నాలుగోదాంట్లో టీ మరక కూడా మొదటిదాంట్లో ఉన్నచోటే ఉంది.

"ఏమప్పా ఇది! ఈళ్లెవురూ మా చేనికి రానేలేదే!" అన్నాడు కొండప్ప.

మేడం ఐదోది తెరవలేదు. "సర్వర్ డౌన్ అయ్యేటట్లుంది సార్."

"పారదర్శకత అమ్మా, పారదర్శకత!" అన్నారు మంత్రిగారు.

ఆవిడ తెరిచారు. 2023. అట్టమీద ప్రతాప్ గారి పేరు, పెద్ద అక్షరాల్లో. పేజీ నూటపన్నెండు. కొండప్ప, వయసు 41.

ఓబులేష్ పెన్నుకు మూత పెట్టేశాడు.

"ఎందుకు సార్ మూత పెడతాండావు?"

"రూలు ప్రకారం చివరి రికార్డే చెల్లుతాది పెద్దాయనా. రెండేండ్ల కింద మంత్రిగారే నీకు నలభై ఒకటని తేల్చినారు. ఇప్పుడు నీకు నలభై మూడు. ఇంకో పదిహేడేండ్లకు రా."

"ఆ సారు మా చేనికి ఎప్పుడొచ్చినాడు?"

"అంటే మంత్రిగారు అబద్ధం రాసినారంటావా?"

కొండప్ప గుమ్మం దగ్గరున్న కానిస్టేబుళ్లను చూశాడు. "అనను సార్," అన్నాడు.

మహానుభావులు ఇలాంటప్పుడే బయటపడతారు. మంత్రిగారు మైకు అందుకున్నారు. "ఇన్నేళ్ల కరువులోనూ వయసు పెరగని రైతు! ఇది మన ప్రాంతపు ఘనత!" వెంటనే శాలువా వచ్చింది, కెమెరాలు మెరిశాయి. నేనూ రెండు ఫోటోలు తీశాను.

ఆడవాళ్ల వరుసలోంచి కొండప్ప భార్య నల్లమ్మ లేచింది. "నా పింఛను కార్డులో నాకు అరవై నాలుగు సార్. ఈ పిల్లోన్ని నేనెప్పుడు కట్టుకుంటిని?"

"కూర్చోమ్మా, కూర్చో," అన్నారు నిర్వాహకులు.

శాలువాలో చెమటలు కక్కుతూ కొండప్ప చేతులు జోడించాడు. "ఒక్క మాట సార్. నేను ముసలోన్నెప్పుడయితా?"

మంత్రిగారు గడ్డం నిమురుకున్నారు. "మంచి ప్రశ్న. దీనిమీద లోతైన పరిశోధన జరగాలి."

ముందు వరుసలోంచి ఆశ్రిత అనే రీసెర్చ్ స్కాలర్ ప్రశ్నావళి పట్టుకుని కొండప్ప దగ్గరికి వచ్చింది. పేరు అడిగి రాసుకుంది. ఊరు అడిగి రాసుకుంది. వయసు మాత్రం అడక్కుండానే రాసుకుంది.