ఇర్రెవోకబుల్ మహిమ

ఇంగ్లీషును ఆడిపోసుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. మన మాటలతో ఏ వ్యవహారమైనా తెగిందా? "రాజీనామా"నే చూడండి. ఉద్యోగం వదిలేసే కాగితానిక్కూడా ముందు "రాజీ" తగిలించుకున్నాం!

ఆ వెసులుబాటు మీదే ఓ పరుపుల ఫ్యాక్టరీలో కటింగ్ సూపర్‌వైజరు ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాడు. అందరికీ ఆయన రాజీనామా బాబాయ్. సెలవివ్వకపోతే రాజీనామా. తన సెక్షన్ ఫ్యాను ఊడదీసి మేనేజరు గదిలో బిగిస్తే రాజీనామా. మేనేజరు టీ తెప్పించి, భుజమ్మీద చెయ్యేసి, "మీరు లేకపోతే ఎలా బాబాయ్?" అనేవాడు. ఆ ఒక్క ముక్కకే బాబాయ్ వెన్నలా కరిగిపోయి, కాగితం చించేసి మళ్లీ కత్తెర పట్టేవాడు.

ఈసారి బాబాయ్ గీసిన డిజైనుకి మేనేజరు బహుమతి అందుకున్నాడు. బాబాయ్‌కి ఒళ్లు మండింది. ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పే బావమరిది ఊరుకుంటాడా?

"ఉత్త రాజీనామాకి బరువేముంటుంది బావా? పైన 'ఇర్రెవోకబుల్' అని తగిలించు. హడలిపోతారు!"

"అంటే ఏంట్రా?"

"లాటిన్ మాట. చాలా పెద్దది."

పెద్దదే మరి! లాటిన్‌లో 'వొకారే' అంటే పిలవడం. 'రె' అంటే వెనక్కి. ముందు నిలబడ్డ 'ఇర్' కుదరదు పొమ్మంటుంది. వెరసి, వెనక్కి పిలవడానికి వీల్లేనిది.

బాబాయ్ అలాగే రాసిచ్చాడు. బావమరిది చూడని డిక్షనరీని మేనేజరు చూశాడు. టీ రాలేదు. భుజమ్మీద చెయ్యీ పడలేదు.

బాబాయ్ ఇంట్లో ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మోగినప్పుడల్లా లోను కావాలా అని అడిగేవాళ్లే!

"బెట్టు చాలు గానీ, మీరే వెళ్లి అడగండి" అంది భార్య.

వెళ్లాడు. "అయ్యో, వెనక్కి పిలవొద్దని మీరే రాశారుగా! మీ మాట కాదనగలనా?" అని మేనేజరు ఎంతో నొచ్చుకున్నాడు.

వీడ్కోలు సభ మాత్రం ఘనంగా చేశారు. "కటింగ్‌లో ఈయనకు సాటి లేరు. బహుమతి తెచ్చిన డిజైను కూడా ఈయనదే!" అన్నాడు మేనేజరు. చప్పట్లు మోగిపోయాయి.

బాబాయ్ బొకే పట్టుకుని లేచాడు. "ఆ ముక్క ఆ రోజే అనుంటే, నాకీ ఇంగ్లీషుతో పనేముండేది సార్?"

చూశారా ఇంగ్లీషు గొప్ప! ఇన్నేళ్ల చాకిరీ రాబట్టలేని మంచిమాటను ఒక్క దెబ్బకి రాబట్టింది. ఇప్పుడా ఫ్యాక్టరీలో మంచిమాట వినాలని సరదాపడేవాళ్లంతా స్పెల్లింగు నేర్చుకుంటున్నారట!